తౌకోరిరి మంచినీళ్ల ట్యాంకు

ముందు ఒక్క సంగతి తెలిస్తేగాని ఇది అర్థం కాదు. మా కిరిబాస్ దీవుల్లో బంధువెవరైనా నలుగురిలో "బుబుసి" అని నోరు తెరిచి అడిగితే కాదనకూడదు. పందైనా, పడవైనా ఇచ్చెయ్యాలి. కాదన్నవాడు తలెత్తుకు తిరగలేడు.

అందుకే, పక్కదేశం తువాలులో పదేళ్లుండి చుట్టపుచూపుగా వచ్చిన తౌకోరిరి, చెల్లెలు రొటియా ఇంటి ట్యాంకు చుట్టూ మూడుసార్లు తిరిగి, కొబ్బరితాడుతో దాని నడుము కొలిచాడని తెలిసేసరికి ఊరి గుండె జారింది. నాలుగు నెలలుగా వానల్లేవు. బావుల నీళ్లన్నీ ఉప్పనైపోయాయి. ఐదిళ్ల పిల్లలు తాగేది ఆ ట్యాంకు నీళ్లే.

మధ్యాహ్నం అందరూ ఊరి సావిట్లో చాపల మీద చేరారు. తౌకోరిరి గొంతు సవరించుకున్నాడు.

"ఇదేం బతుకర్రా మీది! తువాలులో రోజూ వానే. నేనూ ఓ ట్యాంకు కట్టుకున్నాను, చిన్నదేలెండి, ఈ సావిడంత. పొద్దున కట్టానా, సాయంత్రానికి నిండింది. రెండు బారలు పెంచాను, అదీ నిండింది. అలా పెంచుతూ పోయాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పక్కింటాయన పడవేసుకుని అందులోకి దిగితే మూడు రోజులు ఒడ్డు దొరకలేదు!"

"పాపం, ఏం తిన్నాడ్రా?" అన్నాడు ముసలి వేరా.

"ట్యూనా చేపలు పట్టుకు తిన్నాడు తాతా. మంచినీళ్ల ట్యూనా! ఉప్పేస్తేగాని రుచి రాదు. అంతేనా, ఆ బరువుకి దీవి ఓ పక్కకి ఒరిగితే, మా అత్తగారిని రెండో పక్కన కూర్చోబెట్టాం. సరిపోయింది."

"మరి ఆవిడ లేస్తే?" అన్నారెవరో.

"లేవనిస్తామా! భోజనం కూడా అక్కడికే. ఇప్పుడు సముద్రం పెరుగుతోంది, దీవులు మునుగుతున్నాయని లోకమంతా ఏడుస్తోందే, ఎందుకనుకున్నారు? నా ట్యాంకు పొర్లుతోందర్రా!"

సావిడి ఘొల్లుమంది. రొటియా మాత్రం నవ్వలేదు. తౌకోరిరి ఆమె వైపు తిరిగి గొంతు మెత్తబరిచాడు.

"అంత పెద్దది ఉన్నాక, వంటింటి పక్కన ఓ బుల్లిది కూడా ఉంటే బావుంటుందనీ... చెల్లీ, నేను నిన్నూ..."

"అన్నయ్యా, బుబుసి" అంది రొటియా.

నవ్వులు ఆగిపోయాయి.

"నీ ట్యాంకు నాకిచ్చెయ్యి. నీకు రోజూ వానేగా, ఇంకోటి కట్టుకుందువు. బుధవారం ఓడకి మా ఆయనొచ్చి తెచ్చుకుంటాడు."

"కట్టడానికి తాడు నీ దగ్గరే ఉందిగా, ఇచ్చి పంపు" అన్నాడు వేరా.

తౌకోరిరి పైకప్పు చూశాడు. చాప చూశాడు. అడిగాక లేదనకూడదు, లేనిది ఇవ్వలేడు.

"అక్కడ నాకు రెండు బాల్చీలున్నాయి" అన్నాడు చివరికి. "ఒకటి ఓటిది. వాన... అక్కడ కురిసి ఆరు నెలలైంది."

ఈసారి ఎవరూ నవ్వలేదు.

"ఇంతకీ నన్నేదో అడగబోయావు" అంది రొటియా.

"కాసిని మంచినీళ్లు."

ఆమె లేచి వెళ్లి కొబ్బరిచిప్ప అంచుదాకా నింపి తెచ్చింది. రెండు చేతులా పట్టుకుని, ఒక్క చుక్క కింద పడకుండా తాగాడు తౌకోరిరి.