సువార్తరావు మేష్టారి చుక్కకు ఒక గీత

అధ్యక్ష స్థానంలో ఉన్న మా ప్రిన్సిపాల్ సరళ మేడమ్ గారికి, మేం కప్పిన వీడ్కోలు శాలువాల్లోంచి ముఖం మాత్రమే కనిపిస్తున్న మా గణితం మేష్టారు సువార్తరావు గారికి, తమ్ముణ్ణి వెంటబెట్టుకుపోవడానికి కొత్తవలస నుంచి వచ్చి ముందు వరసలో కూర్చున్న అంతోనమ్మ గారికి, డుంబ్రిగుడ వైపు ఊళ్ల నుంచి వచ్చిన పెద్దలకు, తోటి విద్యార్థులకు నమస్కారం.

ఫల్గుణ అనే నేను ఇప్పుడు చెయ్యబోయే పనికి సభ ఎదుట శిరస్సు వంచి క్షమాపణ వేడుకుంటున్నాను. వెనక పులుసు దించేసిన వాసన వస్తున్న ఈ ఘడియలో, ఆకలితో ఉన్న మనుషుల ముందు గణితం మాట్లాడటం మహాపరాధమని ఎరుగుదును. దీనికి ఏ శిక్ష వేసినా భరిస్తాను, భోజనం మానెయ్యమనడం తప్ప. (నవ్వులు)

అంతోనమ్మ గారూ, మీ తమ్ముడు సెలవులకి కూడా ఇంటికి రాకుండా ఈ కొండల్లో ఏం చేస్తున్నాడని మీరు ఫోన్లో అడిగేవారట. చెప్తాను వినండి. మనుషుల మధ్య పరిచయాలు ఏళ్లు గడిచేకొద్దీ ఎలా అల్లుకుంటాయో లెక్క కడుతున్నారు. మనిషి ఒక చుక్క, ఇద్దరి మధ్య స్నేహం ఒక గీత. కొత్త చుక్క ఒకటి వచ్చిందనుకోండి, అది ఎవరితో కలుస్తుంది? ఇప్పటికే ఎక్కువ గీతలున్న చుక్క వైపే ఎక్కువగా మొగ్గుతుంది, ఆ తర్వాత ఆ చుక్క తాలూకు వాళ్లతో కలుస్తుంది అని సార్ సమీకరణం రాశారు. ఫోన్లో చేసే స్నేహాలకి అది చక్కగా సరిపోయింది. కొండ మీద మనుషులకి సరిపోతుందో లేదో చూడాలని మమ్మల్ని ఏటా ఊళ్ల మీదికి పంపారు. "కష్టం వస్తే ఎవరి దగ్గరికి పోతారు, పేరు చెప్పండి" అన్నది మా ప్రశ్న. బయటి నుంచి వచ్చిన మనిషికి నమూనాగా సార్ తన చుక్కని కూడా ఆ పటంలో వేసుకున్నారు.

పటం బ్రహ్మాండంగా వచ్చింది. రీచార్జి కొట్టు కొండబాబు సాలెగూడులో సాలీడులా నడిమధ్య కూర్చున్నాడు. ఏ కొండవాళ్లు ఆ కొండవాళ్లతోనే ముడిపడి ఉన్నారు. ఈ కొండకీ అవతలి కొండకీ మధ్య పేరుకైనా ఒక గీత లేదు.

పోయిన వానాకాలంలో ఈ కొండ మీదున్న బుధు మావ వాళ్ల ఊరిపై కొండచరియ విరిగిపడి దారి మూసుకుపోయిందని మీకందరికీ తెలుసు. సార్ లెక్క ప్రకారం అవతలి కొండ నుంచి ఒక్క పురుగు కూడా రాకూడదు. పొద్దు గూకేలోపే గునపాలు భుజాన వేసుకుని, చోడి అంబలి కుండలతో సహా వాళ్లంతా దిగిపోయారు. సార్ మోకాలి లోతు బురదలో నిలబడి వాళ్లని అడిగిన మొదటి మాట ఏమిటనుకున్నారు? "మీరెలా వచ్చారు? మీకు గీత లేదే!" (నవ్వులు)

అవతలి కొండ గాసి తాత సార్‌ని ఎగాదిగా చూసి, "నేస్తం కట్టినోడి ఇంటి మీద మన్ను పడితే రారేటి?" అన్నాడు.

"మరి సర్వేలో ఆ పేరు చెప్పలేదేం తాతా?"

"నేస్తం పేరు నోటితో ఎలాగ సెప్తారు? సదూకున్నోడివి, అదేటి అడగడం?"

కింది నుంచి వచ్చిన అంతోనమ్మ గారి కోసం చెప్తున్నాను. మా ఊళ్లలో ఇద్దరు నేస్తం కట్టుకుంటే అది రక్తసంబంధంతో సమానం. ఒకరి చెవిలో ఒకరు పువ్వు పెడతారు, భుజాన తువ్వాళ్లు మార్చుకుంటారు, ఒకే అడ్డాకు దొప్పలో అంబలి తాగుతారు. ఆ రోజు నుంచి బతికున్నంత కాలం ఒకరి పేరు ఒకరు పలకరు. అంటే, మనుషుల్ని నిజంగా పట్టి ఉంచే గీతలన్నిటినీ మా ప్రశ్నే తుడిచేసింది. సర్వేకి వెళ్లిన మేమందరం ఈ ఊళ్లలో పుట్టినవాళ్లమే. పుట్టుకతో తెలిసిన సంగతి గనక ఒక్కడికీ తట్టలేదు. నా నేస్తం పేరు నేను కూడా రాయలేదు. మా జట్టులోని మెర్లిన్ ఆ రోజు అన్న మాట ఇంకా గుచ్చుతూనే ఉంది: "మేథ్స్‌లో ఫెయిలయ్యావంటే అర్థముందిరా. పుట్టిన ఊళ్లో కూడా ఫెయిలయ్యావేటి?" (నవ్వులు, చప్పట్లు)

సరే, ప్రశ్న తిరగేశాం. "మీరు ఎవరి పేరు పలకరు?" అని అడిగాం. మొదటి ఇంట్లోనే ఒక అమ్మ సిగ్గుపడి గుమ్మం చాటుకి పోయి, పొలంలో దున్నుతున్న మొగుడి వైపు గెడ్డంతో చూపించింది. సాయంత్రానికి మా దగ్గర మొగుళ్లే మొగుళ్లు! మర్నాటి నుంచి "మొగుణ్ణి వదిలెయ్యమ్మా" అని ముందే చెప్పుకుని అడిగాం. (నవ్వులు) కొండకీ కొండకీ మధ్య గీతలు పుట్టలోంచి చీమల్లా బయటికొచ్చాయి. సార్ సమీకరణం మొత్తం కొట్టేసి, పెళ్లికొడుకులా వెలిగిపోతూ మళ్లీ మొదటి నుంచి రాశారు.

కానీ తన చుక్క వైపు మాత్రం ఆయన మళ్లీ చూడలేదు. మొదటి పటంలో దానికి ఒక్క గీత కూడా లేదు. మేం గుసగుసలాడుకుంటుంటే విని, "ఇన్నేళ్లున్నాను ఫల్గుణా. ఇక్కడ ఎవరి నోటా నా పేరు రాలేదు. అక్క దగ్గరికి వెళ్లిపోతే ఎవరికీ తేడా తెలియదులే," అన్నారు. కళ్లద్దాలు తుడుచుకుంటూ, లెక్కలో వచ్చిన జవాబు చెప్పినట్టుగా చెప్పారు.

సార్, తిరగేసిన ప్రశ్నతో పోయిన వారం బుధు మావ ఇంటికి వెళ్లాం. మావ మాట్లాడకుండా గెడ్డంతో ఇటు, కాలేజీ వైపు చూపించాడు. కోడలు చిట్టి మీ పేరు అందించింది. మావ తలూపి, ముఖం పక్కకి తిప్పుకున్నాడు.



మేం కాలేజీలో చేరిన ఏడాది, చైత్రంలో విత్తనాలకి చేసే ఇటుకల పండగకి మమ్మల్ని తీసుకుని మీరు వాళ్ల ఊరెళ్లారు. మావ మీ చెవిలో పువ్వు పెట్టాడు. మీ తువ్వాలు తను తీసుకుని, తనది మీ భుజాన వేశాడు. ఒకే దొప్పలో అంబలి తాగారు. అది అతిథికి చేసే మర్యాద అనుకుని మీరు థాంక్స్ చెప్పి వచ్చేశారు. మేమంతా అక్కడే ఉన్నాం. మీకు తెలుసనుకున్నాం. అప్పటి నుంచి ప్రతి పండక్కీ మావ ఒక దొప్ప నింపి పక్కన పెట్టి, ఆ తర్వాతే తన దొప్ప అందుకుంటున్నాడట. "వచ్చి అడగొచ్చు కదా మావా?" అంటే, "ఆయనకి సదువు పనులుంతాయి. తీరినప్పుడు ఆయనే వత్తాడు," అన్నాడు.

బుధు మావా, స్తంభం చాటు నుంచి ఇవతలికి రా.

("బేగి కానీరా గుంటడా, సిగ్గేత్తంది!" అని బుధు. నవ్వులు. సువార్తరావు గారు లేచి నిలబడ్డారు.)

కూర్చోండి సార్, అయిపోవచ్చింది.

ఇందాకటి నుంచి వక్తలందరూ ఈ పరిశోధనలో నా కృషిని కొనియాడారు. సమీకరణాలు సార్‌వి. మెట్టలెక్కి దిగింది మెర్లిన్. కంప్యూటర్ పని రోనాల్డ్‌ది. నేను నిజంగా చేసింది ఒక్కటే, అది ఇక్కడ ఒప్పుకుంటున్నాను. రేపటి రైలుకి కొత్తవలసకి టికెట్ తియ్యమని సార్ నాకు చెప్పారు. తీశాను. ఏప్రిల్‌లో ఇటుకల పండగకి ముందురోజు, కొత్తవలస నుంచి అరకుకి ఇంకొకటి కూడా తీశాను. అంతోనమ్మ గారూ, పక్క సీటు మీది. ఓపిగ్గా విన్న మీకందరికీ కృతజ్ఞతలు. ఆ టికెట్లు రద్దు చెయ్యాలంటే ఓటీపీ నా ఫోన్‌కే వస్తుంది, నేను చెప్పను.

సెలవు.