గొంగడి దులిపిన పంచాయితీ

ఓదెలు అని ఒక కురుమ పెద్దమనిషి ఉండెనంట. గొర్ల మందల కాడ ఏ తగాద వచ్చినా ఆయన ముందటికే వచ్చేది. మంచోడే, కాని ఒక్కసారి నోట్లెకెళ్లి మాట ఎల్లిందంటే మళ్ల ఎనకకు తీసుకునుడు ఆయనకు చేతకాదు. అదే ఊళ్లె లస్మవ్వ అని, ఆయనకు మరదలు వరుస, మొగడు పోయిన మనిషి. ఆమెకు నాలుగు గొర్లు, కర్రోడు అని ఒక నల్ల కుక్క. కండ్లు తెరవనప్పటి సంది పాలల్ల గుడ్డ ముంచి తాగించి సాకింది. పిల్లలు లేరు గదా, కర్రోడే ఆమెకు కొడుకు అనుకోరి. వాడు తినంది ఆమె తినకపోయేదంట. దగ్గరికి జరుగుండ్రి పిల్లలూ, గొంతు పెంచి చెప్పలేను.

ఏమైందంటే, ఒకనాడు పొద్దుగాల సాయిలు అనేటోడు తన దొడ్లెకు పోయి చూస్తే, అప్పుడే ఈనిన గొర్రె కాళ్ల కాడ పిల్ల సచ్చి పడున్నది. పక్కన కర్రోడు, మూతి నిండ నెత్తురు. ఇంకేం కావాలె? సాయిలు లొల్లి పెట్టిండు, పెద్దలు గొంగడి పరుచుకొని కూసున్నరు, కుక్క మూతి చూసిండ్రు, అంతే. గొర్రెపిల్ల రుచి మరిగిన కుక్క మందల ఉండొద్దు, రేపు తెల్లారంగనే కొట్టి సంపుండ్రి అని ఓదెలు తీర్పు చెప్పిండు. లస్మవ్వ ఏదో అడగబోతే, కండ్ల ముందట కనవడుతుంటె ఇంకేం అడుగుతవ్ మరదలా అన్నడంట. ఆమె ఇంటికి పోయి కర్రోనికి జొన్న గట్క పెట్టింది. వాడు తోక ఊపుకుంట తిన్నడు. వానికేం ఎరుక, పాపం.

అయితే ఆ ఊరి కురుమలకు ఒక కట్టుబాటు ఉండె. తీర్పు మనసుకు ఎక్కనోళ్లు, గొంగడి దులుపుండ్రి అని ఒక్కసారి అడగొచ్చు. అడిగితే పెద్దలు కాదనొద్దు. గొంగడి దులిపి, తిరగేసి పరిచి, ఆ ముచ్చట ఎన్నడూ ఇననోళ్ల లెక్క మొదటి సంది అడగాలె. పాత తీర్పు ఊసు ఎత్తొద్దు. ఎత్తితే లేసి మళ్ల దులుపాలె. లస్మవ్వ పొద్దుగూకక ముందే పోయి ఓదెలు వాకిట్ల నిలబడి, గొంగడి దులుపు బావా అన్నది. ఆయనకు లోపల మంటే. నా మాటనే దులుపుమంటదా అనుకున్నడు. కాని కట్టుబాటు గదా, పెద్దలను పిలిచి దులిపిండు.

కూసున్నంక సాయిలును చూసి, నీ పేరేంది అన్నడు. "నీ మేనల్లున్నే గదా మామా, పేరు తెల్వదా?" "తెల్వదు. గొంగడి దులిపినం." జనమంత నవ్విండ్రు. ఓదెలు కుక్క దిక్కు తిరిగి, పొద్దుగాల చెప్పినట్టు ఈ కుక్క, అన్నడో లేదో, లస్మవ్వ అందుకున్నది. "లే బావా." లేసిండు, దులిపిండు, దుమ్ము ముక్కులకు పోయి తుమ్మిండు. ఇగ ఈసారి నిజంగనే కొత్తోని లెక్క అడుగుడు మొదలువెట్టిండు. ఈ కుక్క గొర్రెపిల్లను పట్టంగ చూసినవా? పట్టంగ చూడలే, సచ్చినంక చూసిన. పిల్ల అరుపు ఇన్నవా? ఇనలే మామా.

గప్పుడే మందలు ఇంటికి మళ్లుతున్నయి. సాయిలు గొర్రె వచ్చింది, దాని ఎనక ఒక పిల్ల గంతులేసుకుంట వచ్చింది. ఓదెలు అడిగిండు, సచ్చిందన్న పిల్ల ఇదేనా? "అది తల్లి లేని పిల్ల మామా. సచ్చినదాని తోలు తీసి దీని మీద కట్టిన. ఆ వాసనకు తన పిల్లనే అనుకొని గొర్రె పాలిస్తది గదా. ఈ పని నాకు నేర్పిందే నువ్వు." "నాకేం తెల్వదంటున్న గదా. ఆ తోలు ఇప్పు."

ఇప్పిండు. ఓదెలు దాన్ని ఎండకు అడ్డం పట్టి చూసిండు. మెడ కాడ చూసిండు, కడుపు కాడ చూసిండు, తొడల కాడ చూసిండు. తిరగేసి చూసిండు. ఒక్క పన్ను గాటు లేదు. పిల్ల సచ్చే పుట్టింది. కర్రోడు తిన్నది ఈనినంక పడ్డ మాయ, మూతికి అంటింది ఆ నెత్తురు. "తోలు తీసింది నువ్వే గదరా, గాటు లేదని కనవడలేదా?" "మూతి చూసినంక తోలు ఎవడు చూస్తడు మామా?" ఆ తోలు కప్పుకున్న పిల్ల పొద్దుగాల గూడ ఆయన ముందట్నే తిరిగింది. ఆయన గూడ మూతే చూసిండు.

ఓదెలు తోలు కింద పెట్టి, ఈ ముచ్చట నేను ఇప్పుడే ఇంటున్న, ఇప్పుడే చెప్తున్న, కర్రోని తప్పేం లేదు అన్నడు. చూసిండ్రా, మాట ఎనకకు తీసుకునే పనే లేకపోయె. లస్మవ్వ కర్రోని మెడ కావలిచ్చుకొని, కండ్లు తుడుచుకుంట, మరి పొద్దుగాల అట్లంటివి ఏంది బావా, అనబోయింది. పెద్దలంత ఒక్కసారే ఆమె నోరు ఆపిండ్రు. "ఊసెత్తకే తల్లీ, మళ్ల దులుపాలె." ఆ దుమ్ములనే కర్రోడు పోయి గొంగడి నడుమ పండుకున్నడంట, లేపెటోడు లేడు.

గదీ సంగతి. ఇగ ఇయ్యాల మన ఇంట్ల బెల్లం ముద్ద మాయమైందంట. ఒకరి మూతికి ఏందో అంటి ఉన్నది, నేను చూసిన. అయినా సరే, ముందుగాల లేసి నా కింది గొంగడి దులుపుండ్రి, కూసొని మొదటి సంది అడుగుత.