ఎలక కలుగు

కోయిలకుంట్లలో డేరా సినిమా చూసొచ్చిన మరునాటి పొద్దున, ఊరి రెడ్డి అరుగు మీద కూచుని మంగలితో గడ్డం గీయించుకుంటున్నాడు. నిద్ర లేని కళ్లు మండుతున్నాయి.

"అసలు సినిమాకు ముందర తెర మీద ఆ బొమ్మలాట ఏసిరి చూడు, పిల్లి ఎలకను తరిమేది. పిల్లి మూతి కలుగులో ఇరుక్కున్నప్పుడు, నేల మీద కూచున్న మనూరోళ్లంతా ఎనక్కి తిరిగి నా కుర్చీ దిక్కు ఎందుకు చూసిరప్పా?"

"నవ్వొచ్చి చూసింటారులే సామీ."

"నన్ను చూస్తే నవ్వెందుకొస్తాది?"

మంగలి కత్తికంటిన నురగ తుడిచాడు.

"పోయినేడు హంపమ్మ మీ చేన్లో ఎలక కలుగు తవ్వి, ఎలకలు దాచుకున్న శెనక్కాయలు నాలుగు తీసుకునింది గదా సామీ. మీరు చెర్నాకోల పట్టుకోని ఆయమ్మను గుడిసె దాకా తరిమితిరి. ఊరంతా చూసినారు."



"నువ్వూ తిరిగి చూస్తివా?"

"చూస్తి సామీ. అబద్ధమెందుకు?"

"హంపమ్మ గూడా నవ్విందా?"

"లేదు సామీ. మా ఇంటిది ఆయమ్మ పక్కనే కూచునింది. ఎలక కలుగులో దూరేదాకా ఆయమ్మ ఊపిరి బిగబట్టుకోనుండెనంట."

గడ్డం కొంచెం పైకెత్తమన్నాడు మంగలి. రెడ్డి ఎత్తలేకపోయాడు.