మాయప్ప మూడేళ్ళు

ఏటే అమ్మడూ, నేలంతా కాయితం ముక్కలు పరిసీసేవు? ఫ్యానెయ్యకు, ఎగిరిపోతాయి. ప్రాజెట్టా? ఇలాగియ్యి, సూద్దాం. నా కళ్ళజోడు ఆ టీవీ పక్కనుంది, అందుకో. మానవ జీవిత దశలు. అబ్బో, పెద్ద పేరే. శైశవం, బాల్యం, కౌమారం, యవ్వనం, వృద్ధాప్యం. ఐదు బొమ్మలు, కత్తిరించి చార్టుకి అతికించడం. అంతేనా? అందరికీ ఐదూ వరసగా వచ్చీసినట్టే! ఈ ముసిలోడి సేతికి కర్రెవుడిచ్చేడే? నాకు డెబ్బై తొమ్మిది, నేను పట్టుకున్నానా కర్ర? పడక్కుర్చీ, తెల్లజుత్తు, పైగా నవ్వొకటి. దేనికి నవ్వుతన్నాడో అడుగు మీ టీచర్ని. ఆఁ? ఆధారులో డెబ్బై ఆరే ఉందా? ఉంటాది, ఎందుకుండదు. అది ఇస్కూల్లో రాయించిన వయసు. డెబ్బై తొమ్మిది మాయమ్మ కన్న వయసు. ఆ మద్దెనున్న మూడేళ్ళు ఏటయ్యాయో తెలుసా నీకు? కత్తెర కిందెట్టి ఇను.

మాయప్పని ఉండీది, లోవమ్మ. అప్పంటే తెలీదా? అక్కే. మా వైపు అప్పా అనే అంటాం. నువ్వు సూళ్ళేదు, మీ నాన్న పెళ్ళికి ముందే ఎల్లిపోయింది. నాకన్నా అయిదేళ్ళు పెద్ద. నూకాలమ్మ జాతరెళ్ళిన మూడోనాడు పుట్టిందని మాయమ్మ సెప్పీది, అందుకని దానికి జాతర్లు లెక్కెట్టుకోడం అలవాటు. మాయమ్మ తెల్లారకుండా సెరుకు కొట్టడానికెల్లిపోతే నన్ను సంకనేసుకుని ఊరంతా తిరిగింది. అయిదేళ్ళ గుంట, దాని సంకలో నేను. ఇదిగో, ఈ మొదటి బొమ్మలో బోసినవ్వుల గుంటడున్నాడు సూడు, ఈడు నేను. మరి ఈణ్ణెత్తుకున్నోళ్ళు ఏరి? బొమ్మలో లేరు. ఈడంతటీడే పెరిగీసినట్టు వేసీసేరు. పుస్తకాలు రాసీవోళ్ళకి ఒకరోజు గుంటణ్ణి మోయించాలి, అప్పుడు తెలుత్తాది.

తరవాతది బాల్యం కదా. సంచీ ఏసుకుని బడికెల్తంది పిల్ల. మా రోజుల్లో బళ్ళో ఏసుకోడానికి సర్టిపికెట్లు లేవే అమ్మా. కుడిసెయ్యి నెత్తిమీంచి తిప్పి ఎడం సెవి ముట్టుకోవాలి. అందితే అయిదేళ్ళు నిండినట్టు, అందకపోతే ఇంటికి పొమ్మనీవోరు. నవ్వుతావేటి, నువ్వూ ముట్టుకో, అదిగో, అందింది కదా. నాకు రెండేళ్ళు వరసగా సలిజొరం, కాళ్ళు పుల్లల్లాగుండీవి. ఎనిమిదేళ్ళొచ్చేకా గాని బడి మాట ఎత్తలేదు. ఆవేళ మాయయ్య ముందు నడిసేడు, మాయప్ప నా సెయ్యట్టుకుని ఎనకాల. దారిలో నేను కూలబడితే ఎత్తుకుంది కూడాను, ఎనిమిదేళ్ళోణ్ణి. త్రినాథ్ మేస్టారని ఉండీవోరు. ఏదిరా సెవి ముట్టుకో అన్నారు. ముట్టుకున్నాను. నా పక్కన నిలబడి మాయప్ప కూడా ముట్టుకుంది! దాన్నెవలూ అడగలేదు. సెవి దాటి బుగ్గమీదకొచ్చీసింది దాని సెయ్యి. అలాగే ఎత్తిన సెయ్యి దించకుండా మేస్టారి మొకంకేసి సూత్తంది. పరీచ్చలో పాసైపోయేననుకుంది పాపం. మేస్టారు మంచోరే. "ఏంటయ్యా, ఈ పిల్లనీ రాసుకోమంటావా?" అన్నారు. మాయయ్య నవ్వేడు. "దాని వయసెందుకండి బాబూ, అదాడపిల్ల" అన్నాడు. ఇప్పటికీ ఆ నవ్వు తలుసుకుంటే నాకు ఒళ్ళు మండిపోతాది. కన్నతండ్రే అవనీ, ఆ నవ్వేటి? వయసెందుకంటాడేటి? మేకకి కూడా సంతలో పళ్ళు సూసి వయసు సెప్తారు కదా!

నాకు మట్టుకు కావాలంట వయసు. మేస్టారు నన్ను ఎగాదిగా సూసి, "పీలగా ఉన్నాడు, అయిదని రాసెత్తాను, రేపొద్దున్న ఉజ్జోగమొత్తే మూడేళ్ళు ఎక్కువ సేసుకుంటాడు" అన్నారు. మాయయ్య ఆయన కాళ్ళకి దణ్ణమెట్టేడు. అలాగ నాకు మూడేళ్ళు తగ్గేయి. మాయప్పకి ఏదీ రాయలేదు. రోజూ నన్ను బడికాడ దింపి, కిటికీ కింద కూకుని, నేనొచ్చేదాకా ఇసకలో ఏటేటో గీసీది. అక్షరాలనుకున్నావా? కాదు, ఊరికే గీతలు.

మూడో బొమ్మేటి, కౌమారం. ఆఁ, దీని గురించి అడక్కు. మొన్న సబ్బవరంలో ఆ నితీష్ గాడి కూతురు ఫంక్షనుకి ఎల్లేం కదా. గేటుకాడ ఆ పిల్ల బొమ్మ పదడుగులెత్తు. డ్రోను. పొగ మిషను. ఆ పిల్ల మొకం సూసేవా, ఎక్కడికి పారిపోదామా అని సూత్తంది. మాయప్పకి బొమ్మా లేదు, ఏటీ లేదు. నేను బళ్ళో సేరిన తరవాతేడు పెద్దమనిషైంది. తాటాకు మీద కూకోబెట్టేరు. దాని బతుక్కి ఎవలూ పని సెప్పకుండా కూకున్న రోజులు అయే. సిమ్మిలి దంచి పెట్టేరు, నువ్వులూ బెల్లమూ, నడుంకి బలమని. నేను గుమ్మంకాడ సేరి ఊరికే సూసీవోణ్ణి, అడగలేదు సుమీ. అది ఎవలూ సూడకుండా కొంగుసాటు నుంచి ముద్ద దొర్లించీది నాకేసి. నేను తినీసేను. అన్ని రోజులూ నేనే తినీసేను. బలమంతా నాకే.

ఆ ఏడాదే గొలుగొండ ఇచ్చేరు పెళ్ళి సేసి. సంటోళ్ళు లేరు. ఆరేళ్ళు తిరక్కుండా మొగుడు పచ్చకామెర్లొచ్చి పోయేడు. అత్తారోళ్ళు ఓ ట్రంకు పెట్టె నెత్తినెట్టి బస్సెక్కించీసేరు. ఇదిగో ఇక్కడ, యవ్వనమంట. స్కూటరు మీద మొగుడూ పెళ్ళాం. మాయప్పకి యవ్వనమంటే బెల్లం పొయ్యి. మా ఊరికాడ సెరుకాడించి, రసం పెద్ద పెనంలో పోసి, కింద ఎండిన సెరుకుపిప్పి ఎగదోసి కాగబెడతారు. ఆ పిప్పి ఎగదొయ్యడం దాని పని. మంట తగ్గితే పాకం పాడైపోద్ది, అందుకని పొయ్యినోటికాడ్నించి కదలకూడదు. ఇరవయ్యేళ్ళ మనిషికి కనుబొమలు లేవే అమ్మడూ. సెగకి మాడిపోనాయి. ఊళ్ళో మగోళ్ళు "బొమల్లేని లోవమ్మ" అని ఏడిపించీవోరు. ఎదవలు! ఆళ్ళ బెల్లం అనకాపల్లి మార్కెట్టుకొచ్చి "ఎంత రంగుందండీ" అనిపించుకునీది ఎవల సెమటతో? నా పదో తరగతి గట్టెక్కింది కూడా ఆ పొయ్యిమీదే. నేను ఇక్కడ అనకాపల్లిలో గవర్నమెంటాఫీసులో అటెండరునయ్యేను. అయ్యేక, మీ నాయనమ్మ నూకరత్నాన్ని సేసుకున్నాక, మాయప్పని ఇక్కడికి తెచ్చీసేను. తెచ్చేనని నలుగుర్లో గొప్పగా సెప్పుకునీవోణ్ణి. తెచ్చి ఏం సేసేను? సీజనొత్తే కశింకోట ఆటో ఎక్కి మా ఊళ్ళో అదే పొయ్యికాడికెల్లీది. వద్దని నేనన్నానా? ఓ పాలి అన్నాననుకుంటాను. గట్టిగా అనలేదు.

సరే, అసలు సంగతి. రెండువేల ఏడు అది. రేషను కార్డుల సర్వే అని ఒకావిడొచ్చింది, బిందుమాధవి అని, ప్యాడ్డూ పెన్నూ పట్టుకుని. ఇంట్లో ఎంతమంది, ఎవల వయసెంత. మాయప్ప ఆవేళ అరుగుమీద కూకుని కాళ్ళకి కొబ్బరినూని రాసుకుంటంది. అంతకు ముందు నెలరోజులై ఒకటే మాట, "ఒరే పరదేసీ, మొన్న జాతరకి నాకు అరవై అయిదు నిండీసినాయిరా. ముసిలోళ్ళ కార్డు రాయించీరా. ఇంక ఆ పొయ్యికాడ కూకోలేన్రా, కళ్ళు మసకలు. ముసిల్దాన్నని కాయితం ఉంటే పన్లోకి రమ్మని ఎవలూ పిలవరు" అని. మనిషికి అంత ఆశేటే? ఊళ్ళో ఆడోళ్ళందరూ జుత్తుకి రంగేసుకుంటంటే, ఇదేమో ముసిల్దాన్నని రాయండి బాబూ అని అడిగింది. ఇంకేటీ అడగలేదు దాని బతుకులో. ఆ బిందుమాధవి దాన్ని సూసి, "మామ్మగారూ, మీకు డెబ్బై ఉంటాయి కదండీ, అరవై అయిదని వేసీమంటారా?" అంది. తనంతట తనే అంది! పెన్ను కాయితం మీద పెట్టింది కూడా.

అప్పుడేటయ్యిందంటే, మా ఆఫీసులో ధనరాజని ఒకడున్నాడు. ఆడూ నాలాగే వయసు తగ్గించి రాయించుకున్నోడే. ఎవడో గిట్టనోడు అర్జీ పెట్టేడు. ఇంటి కార్డులు, తమ్ముళ్ళ వయసులు, అన్నీ తిరగేసి ఆణ్ణి ఇంటికి పంపీసేరు. అది జరిగి ఇరవై రోజులు కాలేదు. నాకు కాయితంలో యాభై ఏడు. ఇంకో ఏడాదుంది సర్వీసు. మాయప్ప నాకన్నా అయిదేళ్ళే పెద్దని ఊరంతటికీ తెలుసు. దానికి అరవై అయిదంటే నాకు అరవై, అప్పుడు నా బండారం బయటడిపోద్ది. అలాగనుకున్నాను. గబగబా వచ్చి, "లేదండీ, లేదండీ, మా అప్పకి అరవై రెండే. ఎండకి అలాగైపోయింది గాని వయసు లేదు" అనీసేను. ఎవలన్నారు? ఇంకెవలు, నేనే. ఈ నోటితోటే. మాయయ్య వయసెందుకన్నాడని ఇందాకట్నించి తిట్టిపోత్తన్నాను కదా, ఆయన రాయొద్దన్నాడంతే. రాత్తన్న పెన్నుని నేను ఆపేను.

ఎనిమిదేళ్ళు తేడా ఉన్న అక్కాతమ్ముళ్ళు ఏ ఇంట్లో లేరే? యాభై ఏడుకి అరవై అయిదు. ఎవుడడుగుతాడు? ఎవుడికి పనిలేదు? ఆ తెలివి నాకు తరవాత మూడో రోజుకొచ్చింది. వచ్చినప్పుడేనా పరిగెత్తుకెల్లి, తప్పు సెప్పేనమ్మా దిద్దండి అనొచ్చు కదా. సిగ్గు. అటెండరు గారి పరువు! మీ నాయనమ్మ వంటింట్లోంచి అంతా ఇనీసింది, ఆ రాత్రి నా కంచం ఠపీమని నా ముందు పడేసి ఎల్లిపోయింది.

మాయప్పేటందనుకున్నావు? తిడితే బాగుణ్ణు. నూని సేతుల్తో నాకేసి ఓ పాలి సూసింది. జాతర్లు లెక్కెట్టుకున్న మనిషి, దానికి తెలీదా? తెలిసే, ఆవిడకేసి తిరిగి, "మా తమ్ముడు సదూకున్నోడమ్మా, ఆడికి తెలుసు, ఆడు సెప్పినట్టే రాసీ" అంది. ఆ సీజనుకీ పొయ్యికాడికెల్లింది. పై సీజనుకీ ఎల్లింది. నేను రిటైరై దండలేయించుకుని, ఈ కుర్సీలో కూకుని పేపరు సదూకుంటంటే, నా ముందునించే సద్దిగిన్నె పట్టుకుని ఆటో ఎక్కీది. "ఎల్లొత్తాన్రా" అనీది. నేను పేపరులోంచి తలెత్తకుండా ఊఁ అనీవోణ్ణి. రెండువేల తొమ్మిది, సీజను ఆకర్న, పిప్పి మోపు ఎత్తుకుంటా పొయ్యికాడే కూలబడిపోయింది. ఆసుపత్రి దాకా కూడా రాలేదు.

శ్మశానం కాడ పుస్తకంలో రాయాలి కదా. రాసీవోడు వయసెంతండీ అన్నాడు. ఇంక నాకు బయమేటి, రిటైరైపోయేను. "అరవై ఏడు, నాయనా" అన్నాను. నోరారా అన్నాను. ఆడు మా రేషను కార్డు తిప్పి సూసి, "ఇందులో లెక్క ప్రకారం అరవై నాలుగే కదండీ, కాయితంలో ఉన్నదే రాయాలి" అన్నాడు. నేను సెప్తన్నాన్రా, నేను సొంత తమ్ముణ్ణి, నాకు తెలీదేట్రా, కళ్ళు పోయేయా నీకు, అని కాలరట్టీసుకున్నాను. నలుగురూ పట్టుకుని లాగేరు, పాపం అక్క పోయిన బాధలో ఉన్నాడని. బాధంట! కాయితంలో ఆ ముక్క రాయించినోడెవుడో ఆళ్ళకేటి తెలుసు. ఆడు అరవై నాలుగే రాసేడు. ముసిలోళ్ళ కార్డు రావడానికి ఇంకో ఏడాదుందన్నమాట. మాయప్ప ముసిల్దవకుండానే పోయిందే అమ్మడూ, కాయితం లెక్కన. నేను తగ్గించుకున్న మూడేళ్ళూ నేను స్టూలు మీద, ఫ్యాను కింద కూకున్నాను. దానికి తగ్గించిన మూడేళ్ళూ అది మంటకాడ కూకుంది.

ఏటి? ముసిలామె బొమ్మ నువ్వే గీత్తావా? కనుబొమలు పెట్టకుండానా?

...గమ్ముసీసా మూతెట్టు ముందు. ఎండిపోతాది.