ఉప్పుటేటికి అడ్డం పెట్టిన స్టెప్నీ

భీమడోలు రైల్వే గేటు పడిందంటే మంగాదేవి టీ కొట్టుకి బేరం. గేటు తీసేదాకా లారీలవాళ్ళూ పికప్‌లవాళ్ళూ దిగి ఆ రేకుల పందిరి కిందికి చేరతారు. ఆ రోజు గేటు పడనూ లేదు, రైలు రానూ లేదు. అయినా బల్లల మీద ఖాళీ లేదు. దానికి ముసురు సగం కారణమైతే, మిగతా సగం చలపతిరావుగారు.

చలపతిరావుగారు చేపల బండ్లవాళ్ళలో పెద్దాయన. కలిదిండి వైపు చెరువుల్లో పట్టిన చేపల్ని ట్రేలలో ఐసు వేసి ఏలూరు చేర్చడంలో ఆయన తల నెరిసింది. నోట్లో కిళ్ళీ ఉన్నంతసేపూ మంచి మనిషి. కిళ్ళీ ఉమ్మేసి, తువ్వాలుతో మూతి తుడుచుకున్నారంటే మాత్రం ఇక ఆ పూటకి ఎవరి పనులూ కావు.

ఆయన కిళ్ళీ ఉమ్మేయడానికి కారణమైనవాడు జాషువా. తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్లో సరుకు తోలుకుంటూ సుఖంగా ఉన్నవాడు, చేపల లోడు బాగుంటుందని ఎవరో చెబితే క్రితం ఏడు ఇటు వచ్చాడు. వచ్చిన మొదటి వానాకాలమే అతని పికప్ గట్టు మీద జారి సగం చెరువులోకి దిగింది. ట్రాక్టరు వచ్చి లాగేసరికి ఐసు కరిగి, చేపలు మెత్తబడి, పారబోయడానికి తప్ప దేనికీ పనికిరాలేదు. ఆ చెరువు ఆసామి సత్యనారాయణమూర్తిగారు ఏలూరులో ఉంటారు. మంచాయన కాబట్టి మళ్ళీ పిలిచారు గానీ, ఇదే ఆఖరు అని ఫోనులోనే చెప్పేశారు. లోడు రేపు తెల్లవారుజామున. అదీ చెడిందా, కొల్లేటి చుట్టుపక్కల జాషువాని పిలిచేవాడు ఉండడు.

అతని బండి టైర్లు గుండు కొట్టించుకున్నట్టు ఉన్నాయి. కొత్తవి వేయించాలి, అదీ ఈ మధ్యాహ్నమే. ఏవి వేయించాలన్నదే ప్రశ్న. టైర్ల కొట్టువాడు గుబ్బల టైర్లన్నాడు, మెకానిక్కు గీతల టైర్లన్నాడు. జాషువాకి ఒక సంగతి తేలేదాకా అన్నం సయించదు. భార్య స్టెల్లా రాత్రంతా అతని గొణుగుడు విని విని, "కొట్టువాడినీ మెకానిక్కునీ ఎందుకండీ అడగడం? ఆ గట్ల మీద బండి తోలేవాళ్ళనే అడగండి" అంది. అందుకని ఏలూరు వెళ్ళే దారిలో ఇక్కడ ఆగి, చలపతిరావుగారికి స్పెషల్ టీ చెప్పి, ఎదురుగా కూర్చుని, "బురదలో నిలబడే టైర్లు ఎలా ఎంచుకోవాలండీ?" అని అడిగాడు.

చెరువుకి గండి కొట్టి నీళ్ళు ఎందుకొస్తున్నాయని అడగకూడదు.

"టైరు కొనడమంటే గేదెని కొనడమే అబ్బాయ్" అన్నారు చలపతిరావుగారు. "గేదెకి పళ్ళు చూస్తాం, నడక చూస్తాం. మరి టైరుకి? చరిచి చూడాలి. నేను కొట్టులో ఉన్న టైర్లన్నిటినీ అరచేత్తో చరిచి, చెవి ఆనించి విన్నాను. అన్నీ బొయ్‌మని మోగాయి, అవి షోకు టైర్లు, పక్కన పెట్టించాను. ఒక్క జత మాత్రం ఊఁ అని మూలిగింది. అదీ! బరువు మోసే జాతి ఎప్పుడూ మూలుగుతుంది. వాటి గుబ్బలు చూస్తే ఒక్కోటీ తాటిముంజంత."

"గుబ్బలు దగ్గరదగ్గరగా ఉన్నాయాండీ, ఎడంగానా?" జాషువా ముందుకి వంగాడు. "ఎడంగా ఉంటే బురద ఇరుక్కోదంటారు."

"ఎడమే. ఎంత ఎడమో తర్వాత చెబుతాను, దాంట్లో పెద్ద కథుంది. ముందు గట్టు సంగతి విను. ఇలాగే ముసురు. కలిదిండి అవతల చెరువు. గట్టు మీద కాలు పెడితే మోకాలి దాకా దిగిపోతోంది. అందరూ బండ్లు వెనక్కి తిప్పుకున్నారు. నేను మాత్రం నిండు లోడుతో, ఫస్టు గేరులో, పెళ్ళికూతురు పీటల మీదికి నడిచినట్టు మెల్లగా తెచ్చేశాను."

"అంతవరకూ నమ్మొచ్చు లెండి" అంది మంగాదేవి, టీ వడపోస్తూ.

"నమ్మడమేంటమ్మా, అది అసలు కథే కాదు! ఆ తర్వాత ఏమైందో తెలుసా? తారు రోడ్డెక్కి అద్దంలో చూసుకుంటే వెనకాల ఏదో నల్లగా, పెద్దగా ఉంది. లారీ అనుకుని దారిచ్చాను, దాటదే! దిగి చూస్తే ఏముంది, చెరువు గట్టు! నా టైర్లు పట్టిన పట్టుకి గట్టంతా ఊడి, చాప చుట్టినట్టు చుట్టుకుంటూ నా వెనకాలే వచ్చేసింది. అక్కడేమో గట్టు లేక రెండు చెరువులూ కలిసిపోయి, నా బొచ్చెచేప అంటే నా బొచ్చెచేప అని ఆసాములిద్దరూ జుట్లు పట్టుకున్నారు. ఏం చేస్తాం, మన వల్ల కాపురాలు కూలకూడదు కదా, రివర్సు గేరు వేసుకుంటూ వెళ్ళి గట్టుని మళ్ళీ పరిచి వచ్చాను."

పందిరి కింద ఒకటే నవ్వులు. మూల బల్ల మీద గోడకి ఆనుకుని కూర్చున్న పోతురాజు కూడా నవ్వాడు గానీ, చప్పుడు రానివ్వలేదు. పోతురాజుది కొల్లేటికోట. దోనె నడుపుతాడు. నెలకోసారి రేషను కిరసనాయిలు కోసం ఇటు వస్తాడు.

జాషువా నవ్వలేదు. అతనికి నవ్వేంత తీరిక లేదు. గట్టు చుట్టుకోవడం అబద్ధమని అతనికీ తెలుసు. కానీ కోతల కింద ఎక్కడో ఒక నిజపు టైరు ఉండి తీరాలి కదా! ఇన్నేళ్ళుగా ఒక్క లోడు కూడా చెడగొట్టుకోని మనిషి ఏదో ఒక టైరు వేసి ఉండాలి కదా!

"మరి పట్టు అంత ఉంటే గుబ్బల మధ్య మట్టి ఇరుక్కుని ఉండాలి కదండీ?" అన్నాడు.

"అదిగో, ఆ ఎడం సంగతికే వస్తున్నాను. మట్టి కాదయ్యా ఇరుక్కుంది. ఇంటికెళ్ళి బండి పెట్టగానే మా కనకమ్మ బయటికొచ్చి, ఏవండీ, చక్రం తోక ఆడిస్తోందండీ అంది. చూస్తే రెండు గుబ్బల మధ్యా ఇంత లావు కొరమీను! ఇంకో సందులో ఇంగిలాయి, మరో సందులో జెల్లలు. మా ఆవిడ ఆ రోజు నుంచీ చేపల బుట్ట మొహం చూడలేదు. పులుసు పెట్టాలంటే పళ్ళెం పట్టుకుని టైరు దగ్గరికే రావడం. చుట్టాలొస్తే వెనక టైర్లు, ఎవరూ రాకపోతే ముందు టైర్లు."

"పులుసులో రబ్బరు వాసన రాలేదాండీ?" అంది మంగాదేవి.

"చింతపండు కాస్త ఎక్కువేస్తే పోతుంది" అన్నారు చలపతిరావుగారు, అణుమాత్రం తడబడకుండా. "ఇదంతా సరే, వరదలొచ్చిన ఏడు ఏమైందో తెలుసా? అవతల లోడు సిద్ధంగా ఉంది, ఇవతల దారి మునిగిపోయింది. మధ్యలో కొల్లేరు! నేనొక్క క్షణం ఆలోచించాను. టైర్లలో గాలుంది. గాలున్నది మునగదు. అంతే, బండిని నీళ్ళలోకి దింపేశాను. గుబ్బలు తెడ్లలాగ నీళ్ళు కోస్తున్నాయి, బండి దూసుకుపోతోంది. గూడబాతులు ఇదేదో కొత్త రకం దోనె అనుకుని క్యాబిన్ మీద వాలిపోయాయి, హారను కొడితే ఒక్కటీ లేవదే! దోనెలవాళ్ళు గడలు పక్కన పెట్టి నాకు దణ్ణాలు పెడుతున్నారు. కావాలంటే పోతురాజునడుగు, కొల్లేటివాడే కదా!"

అందరూ మూలకి చూశారు. "ఆ రోజు నేను ఊళ్ళో లేనండీ" అన్నాడు పోతురాజు వినయంగా.

"అదీ! లేకపోబట్టి చూడలేదు. అయితే నేను చేసిన పొరపాటేంటంటే, కొల్లేరు దాటాక బ్రేకు వేయడం మర్చిపోయాను. బండి అదే ఊపున సముద్రం దాకా పోయింది. పోతే పోయింది, గుబ్బలు నేలని చీల్చుకుంటూ పోయాయి చూడు, ఆ చాలు వెంట కొల్లేరు నీళ్ళన్నీ నా వెనకాలే బయలుదేరాయి. కొల్లేటి నీళ్ళని సముద్రంలోకి తీసుకుపోయే ఉప్పుటేరు ఉప్పొంగిపోతోంది. ఇక్కడ కొల్లేరు ఎండిపోతోంది. చేపలేమో ఒడ్డున పడి నన్ను తిడుతున్నాయి. అప్పుడు నేనేం చేశానంటారు? స్టెప్నీ విప్పాను. ఉప్పుటేటికి అడ్డంగా పెట్టాను. ఠక్కుమని నీళ్ళు ఆగిపోయాయి. ఇప్పటికీ అది అక్కడే ఉంది. ఇవాళ కొల్లేట్లో నీళ్ళున్నాయంటే ఆ స్టెప్నీ చలవే. ఎవరికీ చెప్పుకోలేదు నేను, మనకెందుకొచ్చిన గొప్పలని."

నవ్వీ నవ్వీ ఒకాయన కళ్ళు తుడుచుకుంటున్నాడు. ఇంతలో జాషువా కనబడలేదు. ఎటు పోయాడా అని చూస్తే, వానలో తడుస్తూ చలపతిరావుగారి పికప్ పక్కన గొంతుక్కూర్చుని ఉన్నాడు. టైరు మీద వేళ్ళు పెట్టి తడుముతున్నాడు. బండి కిందికి తొంగి చూశాడు. లేచి, చేతులు పంచెకి తుడుచుకుంటూ లోపలికి వచ్చాడు.

"స్టెప్నీ ఉందండీ బండి కింద."

"అది కొత్తది."

"టైర్లకి గుబ్బలు లేవండీ. నిలువు గీతలే ఉన్నాయి."

"గుబ్బలు అరిగిపోయాయి."

"అరిగితే నున్నగా అవ్వాలి కదండీ?"

"అందరివీ నున్నగా అవుతాయి. నావి అరిగితే గీతలు పడతాయి."

జాషువాకి ఎగతాళి చేసే ఉద్దేశం లేదు. ఆ మొహం చూస్తేనే తెలుస్తుంది. "ఇంకొకటండీ. గీతల సందుల్లో కంకర చిప్స్ ఉన్నాయి. మడ్‌గార్డు లోపల కూడా వేలు పెట్టి చూశాను. నల్లమట్టి ఇసుమంత కూడా లేదు. క్రితం ఏడు నా బండికి అంటిన మట్టి క్రిస్మస్ దాకా వదల్లేదండీ. మీరు నిన్న కూడా లోడు తెచ్చారు. మరి మట్టి ఏమైనట్టు?"

"నా బండిని చూస్తే మట్టికి భయం" అన్నారు చలపతిరావుగారు. కానీ ఈసారి గొంతు కాస్త తగ్గింది. తువ్వాలు తీసి మూతి తుడుచుకున్నారు, తుడవడానికి ఏమీ లేకపోయినా.

జాషువాకి ఏడుపొచ్చినంత పనైంది. ఏలూరు కొట్టు మూసేవేళ దగ్గర పడుతోంది. ఒక ముక్క నిజం కోసం వచ్చాడు, దొరకలేదు. "నాకు రేపటి లోడు చెడితే బతుకుతెరువు పోతుందండీ" అన్నాడు, ఎవరినీ ఉద్దేశించకుండా. "గుబ్బలా, గీతలా, ఆ ఒక్కటీ చెప్పండి చాలు."

అప్పుడు పోతురాజు గ్లాసు కింద పెట్టాడు.

"ముసురు పట్టాక ఏ టైరూ ఆ గట్టు మీద నిలబడదండీ జాషువాగారూ. నల్లమట్టి కదా, తడిస్తే వెన్నే. అందుకని వానాకాలం బండ్లు గట్టు మీదికి పోవండీ. వంతెన దగ్గర తారు రోడ్డు మీదే ఆపుకుంటారు. చెరువు దగ్గర ట్రేలు దోనెలోకి ఎక్కించి, గట్టు పక్క బోదె కాలవలో వంతెన దాకా మేమే తెచ్చి అందిస్తాం. రోడ్డు మీద తిరిగే బండికి గీతల టైర్లే మంచివండీ. గుబ్బలవి తారు మీద ఊరికే అరిగిపోతాయి."

జాషువా నోరు తెరుచుకుని చూశాడు. "క్రితం ఏడు నాకెవరూ చెప్పలేదేంటండీ?"

"మీరు గట్టు మీదికి తోలుతుంటే నేనూ చూశానండీ. అంత ధైర్యంగా పోతున్నారు, ఏదో తెలిసిన మనిషే అనుకున్నాను. పైగా బండ్లవాళ్ళెవరూ వంతెన దగ్గర ఆగామని టీ కొట్టులో చెప్పుకోరండీ. నామోషీ."

బల్లల మీది బండ్లవాళ్ళు కొందరు టీ గ్లాసుల్లోకి చూసుకున్నారు. చలపతిరావుగారు మాత్రం చెయ్యి విసిరారు. "అదంతా భయస్థుల పద్ధతి అబ్బాయ్. దోనెల్లోకెక్కించుకోవడాలూ, వంతెన దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాలూ! నా పుట్టుకలో దోనె మొహం చూడలేదు. నీకు ధైర్యముంటే గుబ్బలు వేయించు, నా వెనకాల రా."

జాషువా ఆయన మాట వినడం లేదు. అతని మొహం తేటపడింది, క్రితం ఏటి నుంచీ వెన్నంటి ఉన్న ప్రశ్న విడిపోయినవాడి మొహం అది. లేచి పోతురాజు దగ్గరికి వెళ్ళాడు.

"అయితే రేపు తెల్లవారుజామున మీ దోనె ఖాళీగా ఉంటుందాండీ?"

పోతురాజు నోరు విప్పబోయాడు. ఈలోగా చలపతిరావుగారు బల్ల మీంచి ఒక్క ఉదుటున లేచారు.

"ఎలా ఉంటుందయ్యా ఖాళీ? దాన్ని నేను మొన్ననే మాట్లాడుకుంటే!"