ఉప్పూ బొగ్గూ రాగి కడ్డీ

నా పేరు అనురాధ. భర్త పేరు తిరుపాల్. నా వయసు నలభై ఒకటి. ఇంట్లో కుట్టుపని చేస్తాను, పత్తి కాలంలో కూలికి పోతాను. ఆదోని మండలంలో, ఊరికి కిలోమీటరు అవతల మా చేలోనే కాపురం. 2025 సెప్టెంబరు 23, మంగళవారం మధ్యాహ్నం మహిళా కానిస్టేబుల్ జ్యోత్స్న గారి ఎదుట ఈ సంగతులు చెబుతున్నాను. నన్నెవరూ స్టేషన్‌కు పిలవలేదు. నేనే వచ్చాను.

మా పొరుగున ఉండే తిమ్మక్క నా భర్త మీద ఫిర్యాదు ఇచ్చింది. ఆదివారం, పెద్దల అమావాస్య నాడు, పొద్దుగూకే వేళ తన వాకిలికి ఎదురుగా గుంత తవ్వి ఉప్పూ బొగ్గూ రాగీ పూడ్చాడని, ఏడు నెలల గర్భిణి అయిన తన కోడలు సునీతకు చేతబడి చేశాడని ఆమె అనుమానం. గుంత తవ్వింది నిజం. ఉప్పు నిజం, బొగ్గు నిజం, రాగి నిజం. చేతబడి మాత్రం అబద్ధం. కోడిపిల్ల చచ్చినా ఆ పూట అన్నం దిగని మనిషి ఆయన.

తిమ్మక్క మీద నాకు కోపం లేదు. సునీతకు ఇంతకుముందు రెండుసార్లు కడుపు నిలవలేదు. అమావాస్య, మసక వెలుతురు, చేతిలో రాగి కడ్డీ. ఆమె చోట నేనున్నా కేక పెట్టేదాన్ని. "ఏంది తిరుపాలా పూడుస్తాండావు?" అని ఆమె అడిగిందట. "ఏం లేదులేత్తా" అన్నాడట ఈయన. ఆ మాటే కొంప ముంచింది. పొద్దున్నుంచి ఇక్కడ స్టేషన్‌లో కూర్చోబెట్టి ఎస్సై గారు ఎన్నిసార్లు అడిగినా అదే మాట. దాని వెనక ఉన్నది నేను.

నాకు ఉబ్బసం ఉంది. నా భర్తకు, ఆదోని డాక్టరుకు తప్ప ఎవరికీ తెలియదు. మా అమ్మకు టీబీ వచ్చినప్పుడు వీధిలో వాళ్ళు మా గడప తొక్కడం మానేశారు. ఆమె పోయాక కూడా చాన్నాళ్ళు రాలేదు. అందుకే నాకు ఆయాసం మొదలైనప్పుడు ఎవరికీ చెప్పనని ఆయన చేత ఒట్టు వేయించుకున్నాను. ముఖ్యంగా సునీతకు. ఆ పిల్ల పగలంతా నా మిషన్ పక్కనే కూర్చుంటుంది. బిడ్డకు చొక్కా కుట్టమంటుంది. పుట్టకముందు కుట్టకూడదని నేను కోప్పడితే, గుడ్డయినా ఎంచుదాం రా అంటుంది. మాకు పిల్లలు లేరు. ఆ పిల్ల రాని రోజు మా ఇంట్లో మాట వినపడదు.

మా చేనికి కరెంటు స్తంభాలు రాలేదు. ఇంటి మీద సోలార్ పలకలు, లోపల బ్యాటరీ, ఇన్వర్టర్. ఫ్యానూ లైట్లూ నా నెబులైజరూ వాటి మీదే నడుస్తాయి. నెబులైజర్ అంటే మందును ఆవిరి చేసి పీల్చుకునే మిషన్. పోయిన ఏడు వానల్లో అవతల ఎవరి చేలోనో పిడుగు పడింది. మా ఇంటి మీద పడలేదు. అయినా దాని దెబ్బ పలకల తీగల్లోంచి వచ్చి ఇన్వర్టరూ నెబులైజరూ రెండూ కాలిపోయాయి. ఆ రోజే నాకు ఆయాసం ఎక్కువయింది. వానలో నన్ను తువ్వాలుతో తన నడుముకు కట్టుకుని బండి మీద ఆదోనికి తెచ్చాడు. "మాట్లాడే, తిట్టు, ఏదో ఒగటి అను" అంటూ వచ్చాడు దారి పొడుగునా. ఆయన్ని తిట్టకుండా నాకు పూట గడవదు. ఆ రోజు తిట్టడానికి ఊపిరి లేదు.

అప్పటినుంచి మబ్బు పడితే ఆయనకు తిండి సహించదు. ఎమ్మిగనూరులో సోలార్ సామాను అంగడి నడిపే అనిల్‌ను అడిగి, సర్జ్ ప్రొటెక్టర్లు అనే చిన్న పెట్టెలు తెచ్చాడు. ఒకటి పలకల తీగకు, ఇంకొకటి ఇన్వర్టర్ నుంచి ఇంట్లోకి వచ్చే తీగకు బిగించాడు. తీగలో దెబ్బ వస్తే అవి పక్కకు మళ్ళించి భూమిలోకి పంపుతాయట. అందుకు రాగి కడ్డీ పాతిన ఎర్త్ గుంత కావాలి. మా నేల ఎండితే రాయి. కడ్డీ చుట్టూ ఉప్పూ బొగ్గూ వేసి నీళ్ళు పోస్తే చెమ్మ నిలుస్తుంది. "వైరు పొట్టిగా, తిన్నగా ఉండాలన్నా. వంకర్లు తిప్పితే ఆ పెట్టె పెట్టీ లాభం లేదు" అని అనిల్ గట్టిగా చెప్పాడు. పెట్టె నుంచి తిన్నగా దింపితే గుంత వచ్చిన చోటు తిమ్మక్క వాకిలికి ఎదురు. ఆదివారం ఎందుకంటే, మార్కెట్లో హమాలీ పని చేసే ఆయనకు సెలవు ఆ రోజే. సాయంత్రం ఎందుకంటే, పొద్దున పోసిన నీళ్ళకు నేల మెత్తబడేసరికి ఆ వేళయింది. తిమ్మక్కకు ఎందుకు చెప్పలేదంటే, ఎర్త్ గుంత అంటే ఎందుకని అడుగుతారు, ఆ మాట చివరికి నా నెబులైజర్ దగ్గరికే వస్తుందని ఆయన భయం. వంటకు ఉప్పు తెమ్మంటే మరిచిపోయి వచ్చే మనిషి, గుంతకు మాత్రం మూటెడు మోసుకొచ్చాడు. చూసి నవ్వాను కూడా.

సోమవారం తిమ్మక్క ఆ కడ్డీని పెరికి ఇక్కడికి తెచ్చింది. ఈ బల్ల మీద ఉన్నది అదే. అది భూమిలో లేకపోతే ఆ పెట్టెలు ఉండీ లేనట్టే.

నేను చెబుతున్నంతసేపూ తిమ్మక్క బెంచీ మీదే ఉంది. "ఉబ్బసం అంటుకుంటాదా అమ్మా?" అని జ్యోత్స్న గారిని అడిగింది. అంటుకోదని ఆమె చెప్పారు. తిమ్మక్క కొంగు వేలికి చుట్టుకుంటూ, "పక్కింట్లో ఉంటాండా గదే, నాకు సెప్పకూడదా?" అని నన్నే కసిరింది. సునీతను ఇకముందు పంపుతుందో లేదో చెప్పలేదు. అడగడానికి నాకు భయం వేసింది.

అప్పుడు నా భర్త నోరు విప్పాడు. "ఎందుకు సెప్తివే? నన్ను రెండు దినాలు ఉంచుకొని ఇడిసిపెట్టేవాళ్ళు. ఇప్పుడు ఆ పిల్ల రాకుంటే నువ్వేం సేస్తావు?" అన్నాడు. నాకు ఏడుపు ఆగలేదు. "రాకుంటే ఏడుస్తా. ఏడ్సి ఊరుకుంటా. నువ్వు ఈడుంటే నేను ఆడ ఎట్లుంటా?" అన్నాను.

ఈ మాట కేసుకు అక్కర్లేదని జ్యోత్స్న గారు పెన్ను ఆపారు. రాయమని నేనే అడిగాను. తిమ్మక్క మీద ఏ కేసూ వద్దు. బయట మబ్బు పట్టింది. ఆ కడ్డీనీ ఆయన్నీ నాతో పంపించమని కోరుతున్నాను.

రాసినదంతా చదివి వినిపించారు. నేను చెప్పింది ఇదే, జరిగింది ఇదే. ఎవరి బలవంతమూ లేకుండా సంతకం పెట్టాను.

సంతకం: అనురాధ