వడల వాసన బండి

"తాతా, నీ బండి పోతాంటే ఎనకాల బజ్జీల వాసన వచ్చేదంట గదా? అవ్వ చెప్పి ఒగటే నవ్వుతాండాది."

చెప్తాది, చెప్తాది. బజ్జీలు కాదులే, వడలు. చెనక్కాయ నూనెలో ఎర్రగా కాలిన వడల వాసన. నవ్వొద్దు, ఇను.

అప్పుడు నేను కదిరిలో చెనక్కాయల మిల్లులో పని చేస్తాంటి. కాయలు కొట్టే మిషను నాదే. నాదంటే నాది కాదు, శెట్టిది, తిప్పేది నేను. గేటు తాళంచెవి గూడా నా జోబీలోనే. ఎనిమిదికి నేను పోయి తీస్తేనే పప్పులు ఏరే ఆడోళ్లు నలభై మంది లోపలికి పొయ్యేది. లేకుంటే అంతా రోడ్డుమీదే. శెట్టి బామ్మర్ది ఒగడుండె, వానికి ఆ తాళంచెవి మీద కన్ను. "మూడుసార్లు ఆలస్యమైతే అది నాకిచ్చి ఇంటికి పోవల్ల" అని శెట్టితో ఒప్పించుకున్న్యాడు. బస్సును నమ్ముకొని రెండుసార్లు అయిపాయ. ఆ బస్సు సంగతేమి చెప్పేది... ఒగనాడు డ్రైవరు దోవలో దిగి వాళ్ల మామకు గొర్రె బేరం చేసిచ్చినాడు, మేమంతా కిటికీల్లోంచి చూస్తాంటిమి. సరే, అది ఇడిచిపెట్టు.

దాంతో పాత మోపెడ్డు ఒగటి కొంటి. మీ అవ్వ కమ్మలు అమ్మి... కాదు కాదు, కమ్మలు తర్వాత, అప్పుడు అమ్మింది ఎనుమును. ఎనుమైతే గడ్డి తిని పాలిస్తాండె. ఇది పెట్రోలు తాగి పొగ ఇస్తాది. లీటరు అప్పుడే ముప్పై దాటె. రానూ పోనూ ఇరవై మైళ్లు. ఒగనాడు తెగించి అడిగితి. "శెట్టీ, నువ్విచ్చే జీతం నీకాడికి వచ్చేదానికే సరిపోతాండాది. నేను ఇంట్లోనే కూసుంటే ఇద్దరికీ మిగులు."

శెట్టి మంచోడే గాని, దుడ్లు ఇయ్యాలంటే చేతి ఏళ్లు వంకర్లు పోతాయి. "దుడ్లు ఇయ్యను రామప్పా, పెట్రోలే ఇస్తా" అనె. డబ్బాతో తెప్పించి పెట్టి, నూనె కొలిచే చెంబుతో దినామూ తానే పోస్తాడు. పోసినాక కొసరు గూడా ఇంత. అంగడి బుద్ధి యాడికి పోతాది!

ఆ కాలం బండ్లకు పెట్రోల్లో నూనె కలపల్లప్పా. మీకు ఆ పీడ లేదు. బంకులో దానికని వేరే ఆయిలు అమ్ముతారు. శెట్టి ఏమనె, "నూనె మిల్లు పెట్టుకొని నూనె కొంటే నలుగురూ నవ్వరా?" అని మన చెనక్కాయ నూనే కలిపె. నాకూ సరే అనిపించె! మనిషి తినేది బండికి చెడ్డదవుతాదా, అని తలకాయ ఊపితి. ఆయప్పకు మోసం తెలీదు, తన స్కూటర్లో గూడా అదే పోసుకున్న్యాడు.

ఇంగ చూడు నా వైభోగం. మూడేండ్లుగా వాన లేదు, ఎవరింట్లోనూ నూనె బాండ్లి పొయ్యెక్కలేదు. నేను పోతాంటే పండగ పోతాన్నట్టు! ఎనకాల రెండు కుక్కలు. ఒగ ముసలాయన బండికి అడ్డం నిలబడి, "రామప్పా, సంచిలో ఏముండాదో నాకూ రెండు పెట్టిపో" అంటాడు. ఇంటికొస్తే మీ అవ్వ అంగీ వాసన చూసి, "హోటల్లో మెక్కి వచ్చినోనికి సంగటి ఎందుకు?" అని ముద్ద మూత పెట్టె. రెండు దినాలు పస్తు పండుకుంటి, నమ్ము.

నెల తిరక్కముందే ఒగ పొద్దున నడిమి దోవలో బండి దగ్గి నిలబడిపాయ. ఎంత తొక్కినా కదల్దు. ఇంగ తోసుకుంటా పోతాండా, తాళంచెవి పాయ, పని పాయ అని. వంక దాటి గడ్డ ఎక్కితే, ముందర ఇంగొగడు స్కూటరు తోస్తాండాడు. తెల్ల పంచె, ఎనకంతా మసి. ఎవరనుకున్న్యావ్? శెట్టే! అత్తగారి ఊరి నుంచి వస్తాండాడంట.

"ఏమప్పా, నీదీనా?" అనె.

"నాదీ అంతే శెట్టీ."

ఇంగ ఇద్దరమూ ఒగరెనక ఒగరు తోస్తిమి.

మిల్లు కాడికి పోతే తొమ్మిదిన్నర. బామ్మర్ది చెయ్యి చాపి నిలబడుండాడు. "మూడోసారి. ఇయ్యి తాళంచెవి" అనె. జోబీలోకి పోయిన నా చెయ్యి బయటికి రాదు. శెట్టి మొగం తుడుచుకొని, "నేనూ ఇప్పుడే వచ్చింది. నన్నూ ఇంటికి పొమ్మంటావా?" అనె. ఆడోళ్లు పగలబడి నవ్విరి. వాళ్లలో ఓబులమ్మని ఒగామె ఉండాది, నోరు గట్టిది. "శెట్టీ, మేము పావుగంట ఆలస్యమైతే కూలి కోస్తావే, నీకెవరు కొయ్యల్ల?" అనె.

శెట్టి నా పక్కకు తిరిగె. "రేపట్నుంచి బంకులో నా పేరు చెప్పి పోయించుకో రామప్పా. నూనె గూడా వాళ్లదే" అనె. వెంటనే ఓబులమ్మ, "మరి మా ఆటో చార్జీ?" నలభై మంది ఒగటే కేక. శెట్టి ఆకాశం వంక చూసె, నేల వంక చూసె. కడాకు, "పొద్దున మిల్లు టెంపో ఖాళీగానే ఉంటాది గదా, దాంట్లో రాండి తల్లీ" అనె. బామ్మర్ది చాపిన చెయ్యి పట్టుకొని టెంపో తాళాలు దాంట్లో పెట్టె. "తాళం కావల్లంటివి గదా. పొద్దున ఆరుకల్లా పోయి వీళ్లందరినీ ఎక్కించుకొని రా" అని.

నేను గేటు తీస్తి.

నువ్వు సల్లగుండు నాయనా. యాడ పనికి చేరినా దోవ ఖర్చు మొదటి దినమే అడుగు, సిగ్గుపడొద్దు. అడిగితేనే గదా... ఊఁ, పొద్దుపాయ, పో ఇంగ.